ఋతుసంధులు – అశ్వరక్షణము
(స్మారకోపన్యాసము)



ఏ పశువైద్యాచార్యుని స్మృతికై ఈ ధర్మనిధి నెలకొల్పబడినదో, ఆయన చెంత కూర్చుండి నేర్చికొన్నవారిలో నేనొకడను. శస్త్రచికిత్సయందు ఆయన సిద్ధహస్తులని లోకము మెచ్చెను. కాని వైద్యశాలకు తేబడిన గుఱ్ఱమును చూడగనే ఆయన మొదట విచారించెడిది దాని రోగలక్షణములను కాదు. గడచిన పక్షము దినములలో అది యేమి తినెనో, ఏ నీరు త్రాగెనో, ఎంత దూరము నడచెనో, ఎక్కడ కట్టబడెనో యను సంగతులను. తమ యెదుట నిలిచిన రోగము ఆనాడు పుట్టినది కాదనియు, దాని మూలము వెనుకటి పక్షములో ఎక్కడనో దాగియున్నదనియు ఆయన నిశ్చయము. ఆ నిశ్చయమునే ఈ సాయంకాలము కొంత విస్తరించి మనవి చేయదలచితిని.

మన తెలుగుదేశమున గుఱ్ఱములు ఎండకును, వానకును ఓర్చుకొనగలవు. ఒక ఋతువు తొలగి మఱియొకటి వచ్చు సంధికాలమున, వాని మేతను, నీటిని, పనిని, కట్టుచోటును మనము ఒక్కసారిగా మార్చివేయుటకును, మార్చవలసినప్పుడు మార్చక యూరకుండుటకును మాత్రము ఓర్వలేవు. ఆంగ్లగ్రంథములనుండి మనవారు నేర్చిన అశ్వపోషణక్రమము శీతకాలమునే ప్రధానమైన కష్టకాలముగా ఎంచును. మంచు కురియు దేశమున అది సహజము. మనకు కఠినములైనవి గ్రీష్మవర్షములు; వాని కలయిక అంతకన్న కఠినము. కావున మన గుఱ్ఱపుశాలలకు మన పంచాంగమే ప్రమాణము కావలెనని నా దృఢవిశ్వాసము.

దక్కను పీఠభూమిలో, భీమానదీతీరమున, గట్టి పొట్టిగుఱ్ఱములు పుట్టి పెరిగినను, మన పూర్వరాజులు కోరినవి ఓడలపై వచ్చిన అరబ్బు, పారసీకాశ్వములు. మన మోటుపల్లి రాజ్యమును ముత్ఫిలి యను పేర వర్ణించిన వెనీసు వర్తకుడు మార్కోపోలో, దానికి దక్షిణముననున్న పాండ్యుల తీరమును గూర్చి వ్రాయుచు, అచ్చటి రాజులు హుర్ముజు, ఏడెను మొదలగు రేవులనుండి ఏటేట 2,000కు పైగా గుఱ్ఱములను కొందురనియు, సంవత్సరాంతమునకు వానిలో నూరైనను మిగులవనియు చెప్పెను. కారణమును కూడ ఆయన చెప్పెను: గుఱ్ఱములను సాకుట తెలిసినవారు లేరు, మాంసముతో కలిపి వండిన అన్నము వానికి పెట్టుచున్నారు, లాడములు కొట్టి వైద్యము చేయువారు అచ్చట చేరినచో తమ బేరము పడిపోవునని వర్తకులే వారిని అటు పోనీయరు. వర్తకుని లెక్కలో అతిశయోక్తి యుండవచ్చును. సగమునకు సగము తగ్గించి చూచినను అది గుండె కలచివేయు లెక్కయే. రెండు శతాబ్దముల పిమ్మట సాళువ నరసింహరాయలు వేయి పర్దావులకు మూడు గుఱ్ఱముల చొప్పున బ్రతికినవానిని, చచ్చినవానిని కూడ కొనెననియు, సముద్రముమీద చచ్చినవాని తోకలు తెచ్చి చూపినను వెల చెల్లించెననియు పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసెను. విజయనగరప్రభువు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనెడివాడని కూడ ఆయనయే చెప్పెను. కొనుటకు ఇంత వెచ్చించిన ప్రభువులు కాపాడుటకు ఎంత వెచ్చించిరో యని నేను తఱచు తలపోయుదును.

విద్య లేకపోలేదు. శాలిహోత్రుని పేరను, నకులుని పేరను సంస్కృతమున అశ్వశాస్త్రములు వెలసినవి. జయదత్తుడు అశ్వవైద్యకమును రచించెను. మనుమంచిభట్టు తెలుగుపద్యములలోనే హయలక్షణములను చెప్పెను. వీని కన్నిటికంటె నన్ను ఆకర్షించునది కౌటిల్యుని అర్థశాస్త్రములోని అశ్వాధ్యక్షప్రకరణము. గుఱ్ఱము శరీరము చిక్కుటను, మితిమీరి పెరుగుటను గమనించి సరిచేయుటయు, ఋతువు ననుసరించి ఆహారమును విభజించుటయు అశ్వవైద్యుల విధి యని అందు స్పష్టముగా కలదు. వైద్యుని క్రియాదోషము వలనగాని ఔషధదోషము వలనగాని రోగము ముదిరినచో, దానిని మాన్పుటకగు వ్యయమునకు రెట్టింపు అతడు దండముగా చెల్లింపవలెనట. ఈ శాసనములో నాకు మిక్కిలి గౌరవము తోచునది దండము కాదు. ఆరోగ్యముగానున్న గుఱ్ఱము ఎదుట వైద్యుని ప్రతిదినము నిలబెట్టిన ఆ మొదటి విధి.

అశ్వశరీరనిర్మాణమును కొంచెము తెలిసికొనినచో ఋతువునకును మేతకును గల సంబంధము సులభముగా బోధపడును. ఇంత పెద్దజంతువునకు జీర్ణాశయము 8 మొదలు 15 లీటర్లు మాత్రమే పట్టును; మింగినదానిని వాంతి చేసికొను శక్తి దానికి లేదు. పగలు రాత్రి కొంచెము కొంచెముగా గడ్డి నములుచుండుటకు సృష్టింపబడిన ప్రాణి యిది. 400 కిలోల గుఱ్ఱమునకు దినమునకు 6 మొదలు 8 కిలోల ఎండుగడ్డియైనను వలయును; గుగ్గిళ్లు, తవుడు దానికి అనుబంధములేగాని ప్రత్యామ్నాయములు కావు. గడ్డిలోని పీచును అరిగించునది గుఱ్ఱము కాదు, దాని అంధాంత్రములోను పెద్దప్రేగులోను నివసించు అసంఖ్యాకములైన సూక్ష్మజీవులు. పాలలో వేసిన తోడువలె అవి తమకు అలవడిన పదార్థమును, అలవడిన వేడిని మాత్రమే సహించును. ఎండుగడ్డికి అలవడిన సూక్ష్మజీవులపై ఒకనాడు హఠాత్తుగా గంపెడు పచ్చిగడ్డియో, అలవాటునకు మించిన ఉలవలో పడినచో, వానిలో ఒక జాతి చచ్చి మఱియొక జాతి విజృంభించును, వాయువు పుట్టును, ఆమ్లము పెరుగును, శూల కలుగును, ఒక్కొకప్పుడు గిట్టలోపలి పొరలు వాచి, బ్రతికిన గుఱ్ఱము కూడ ఎన్నటికిని నిలువలేనిదగును. అందుచేతనే క్రొత్తమేతను పాతమేతలో కలుపుచు 10 మొదలు 14 దినములలో క్రమముగా మార్చవలెనని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఋతువు ముగియు ఏడు దినములును, క్రొత్త ఋతువు మొదలగు ఏడు దినములును ఋతుసంధియనియు, ఆ పక్షములో పాత ఆచారమును మెల్లగా విడుచుచు క్రొత్తదానిని మెల్లగా చేపట్టవలెననియు వాగ్భటుడు మనుష్యులకు చెప్పిన నియమము దీనితో ఇంత దగ్గఱగా సరిపోవుట నాకు ఎప్పుడును ఆశ్చర్యము గొలుపును.

ఇక గ్రీష్మము. రెంటచింతలలోను, రామగుండములోను ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటు దినములలో గుఱ్ఱము తన దేహతాపమును ముఖ్యముగా చెమట మూలమున పోగొట్టుకొనును. దాని చెమటలో మన చెమటలోకన్న ఉప్పు అధికము; ఎండలో కష్టించు గుఱ్ఱము గంటకు 10 లీటర్లకు పైగా చెమటోడ్చగలదు. నీడన నిలిచిన గుఱ్ఱమునకు దినమునకు 25, 30 లీటర్ల నీరు చాలునేమో గాని, వేసవిలో పనిచేయుదానికి 50 లీటర్లైనను చాలకపోవచ్చును. నీటితోపాటు ఉప్పు ఇయ్యవలెను: పని లేనిదానికి దినమునకు 30 గ్రాములు, చెమట పట్టుదానికి దానికి రెట్టింపు. చెమట పట్టిన గుఱ్ఱమునకు నీరు చూపరాదనియు, చల్లని నీరు పోసినచో కండరములు బిగిసిపోవుననియు పెద్దలు చెప్పినమాట ఇప్పటికిని మన తబేలాలలో వినబడుచున్నది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలకు పూర్వము ఈ విషయమై విశేషపరిశోధనలు జరిగినవి. ఎండలో పరుగెత్తిన గుఱ్ఱముపై చల్లని నీరు పోయుచు, నడిపించుచు, మరల పోయుచుండుట హానికరము కాదనియు, తాపమును త్వరగా దించుననియు తేలినది. త్రాగునీరును కొలది కొలదిగా వెంటనే ఇయ్యవచ్చును. ఎండదెబ్బ తిన్న గుఱ్ఱమునకు ఈ అపోహ వలన కలిగిన బాధను కన్నులార చూచినవాడను గనుక దీనిని నొక్కి చెప్పుచున్నాను.

ఉష్ణదేశములలో మఱియొక విచిత్రవ్యాధి కలదు. చల్లని దేశములనుండి మన పట్టణములకు తేబడిన పందెపుగుఱ్ఱములు కొన్ని, ఒకటి రెండు వేసవులు బాగుగానే గడిపి, క్రమముగా చెమట పట్టుటయే మానివేయును. ఒడలు పొడిగా నుండును, ఎగశ్వాస పుట్టును, ముఖముమీది వెండ్రుకలు రాలును, చిన్నపనికే జ్వరము వచ్చును. దీనికి నమ్మదగిన ఔషధము నేటికిని లేదు. చల్లని చోటికి చేర్చుట, తెల్లవారకముందే పని ముగించుట, గాలి ధారాళముగా ఆడు శాలలో కట్టుట, ఇవియే ఉపాయములు. చెమట తగ్గుచున్నదని మొదట పసిగట్టవలసినవాడు ప్రతిదినము మాలీసు చేయు సాయీసు. జీను తీసిన తరువాత దాని క్రింది చర్మము తడిసినదా లేదా యని చేతితో తడవి చూచుటకు ఏ పరికరమును అక్కఱలేదు.

వర్షకాలపు మేత గ్రీష్మములోనే కొని ఎత్తుననున్న కొట్టములో వేయవలెను. జ్యేష్ఠమాసములో ఈ పని తప్పినవాడు శ్రావణములో బూజుపట్టిన గడ్డికి ఎక్కువ వెల ఇచ్చును. బూజుపట్టిన జొన్నలు, ఉలవలు, ముఖ్యముగా మొక్కజొన్నలు, గుఱ్ఱమునకు విషప్రాయములు. మొక్కజొన్నమీది ఒక బూజు గుఱ్ఱపు మెదడును కరగించివేయును, అప్పుడు చేయదగిన చికిత్స యేదియు లేదు.

మృగశిర చినుకులు పడినవెంటనే పొలముగట్లపై లేతగరిక మొలచును. బండ్లవారు, పేదలు, వేసవియంతయు ఎండుగడ్డికి డబ్బు పెట్టి అలసినవారు, గుఱ్ఱమును విప్పి దానిమీదికి వదలుదురు. వారిని నిందించుటకు నాకు మనసొప్పదు. అయినను మొదటి దినమున ఒక గంట, అదియు ఎండుగడ్డితో కడుపు కొంత నింపిన తరువాత, మఱునాడు మఱికొంతసేపు, ఇట్లు పక్షము దినములలో పచ్చికకు అలవాటు చేయవలెనని వారికి చెప్పువారెవరు? వానకు చివురించిన లేతజొన్నలో హైడ్రోసయానిక విషము పుట్టును. పశువులను చంపునది అదియే. జొన్నపైరును బహుదినములు మేసిన గుఱ్ఱములకు మూత్రకోశము చెడి వెనుకకాళ్లు తూలును. ఈ సమయముననే ప్రేగులలోని నులిపురుగుల గ్రుడ్లు తడిపేడలో పొదగబడి, పిల్లపురుగులు గడ్డిపోచల మీదికి ప్రాకును. వారమునకు రెండుమారులైనను మేతబీడులోని పేడను ఎత్తివేయుట ఏ మందునకును తీసిపోదు. నెలలు లెక్కపెట్టి అన్ని గుఱ్ఱములకును ఒకే మందు త్రాగించిన పాతపద్ధతి వలన మందునకు లొంగని పురుగులు పుట్టినవి; పేడను పరీక్షించి, పురుగుల గ్రుడ్లు విస్తారముగా నున్న గుఱ్ఱములకే మందిచ్చుట ఉత్తమము.

వానలు నిలదొక్కుకొనిన పిమ్మట అసలు శత్రువు వచ్చును, జోరీగ. దాని కాటు తీవ్రమైనది గనుక గుఱ్ఱము తోకతో కొట్టును, కాలు విదలించును. కడుపు నిండని జోరీగ నోటితడి ఆరకముందే ప్రక్క గుఱ్ఱముపై వాలును. అట్లు ఒకదాని రక్తములోని సూక్ష్మజీవిని మఱియొకదాని రక్తములోనికి చేర్చును. అదియే సర్రావ్యాధి. 1880లో సింధునదికి సమీపముననున్న డేరాఇస్మాయిల్‌ఖానులో గ్రిఫిత్ ఇవాన్స్ అను సైనిక పశువైద్యుడు జబ్బుపడిన గుఱ్ఱముల, ఒంటెల రక్తములో ఈదులాడుచున్న ఈ జీవిని సూక్ష్మదర్శినిలో కనుగొనెను. స్తన్యజంతువులలో ట్రిపనోసోమ జాతిజీవి ప్రాణాంతకవ్యాధికి కారణమని లోకమునకు తెలియుట అదియే మొదలు. అయినను పైయధికారులు ఆయన మాటను వెంటనే నమ్మలేదు. వచ్చుచు పోవుచునుండు జ్వరము, పాలిపోయిన కనుఱెప్పల లోభాగము, పొట్టక్రిందను కాళ్లయందును వాపు, మేత తినుచుండియు చిక్కిపోవుట దీని గుఱుతులు. వర్షారంభమున ఒకసారి పొడిచినచో కొన్ని నెలలు కాపాడు ఔషధము కలదు. దానికి ముందు చేయవలసినది ఇంకను సులభము: జోరీగ పగటి వెలుతురులో తిరుగునది, చీకటిశాలలోనికి రావలెనన్న జంకునది, కావున వర్షకాలమున గుఱ్ఱములను పగలు లోపల నుంచి, జబ్బుదానిని మిగిలినవానికి దూరముగా కట్టవలెను.

ఈ ఋతువుననే పుండ్లు మానని బర్సాతి పుట్టును. ఈగలు మోసికొనివచ్చిన ఒకజాతి పురుగుపిల్లలు పచ్చిపుండులో చేరి దానిని కోరించును, పెంచును. చలి వచ్చినగాని అది మానదు. చిన్నగీతనైనను కప్పియుంచుట, పేడదిబ్బను శాలకు దూరముగా నుంచుట దీనికి రక్షణము. కుమ్రి యను నడుమువాతము ఇంకను దారుణము. పశువుల కడుపులో నిరపాయముగా నుండు ఒక పురుగు యొక్క పిల్లలను దోమలు గుఱ్ఱములోనికి ఎక్కించును. అవి దారితప్పి వెన్నుపామును చేరును. నిన్నటివరకు బాగుగా నడచిన గుఱ్ఱము వెనుకభాగము ఊగులాడ నిలుచును. మన పల్లెలలో గుఱ్ఱమును ఎడ్లకొట్టములోనే కట్టుట అలవాటు. దోమలకాలమున ఈ పొత్తు మానవలెను. గిట్టలను గూర్చి ఒక్కమాట: బురదలో నిలిచిన గిట్టయడుగున మెత్తనిభాగము కుళ్లి నల్లని దుర్గంధద్రవము స్రవించును, ప్రతిదినము గిట్టలను ఎత్తి గోకి శుభ్రపరచి, పొడినేలపై నిలిపినచో అది రానేరాదు. 6 మొదలు 8 వారముల కొకసారి లాడములు తీసి గిట్ట కోయవలెననునది ఏ ఋతువునకైనను ఒకటే.

వానలు తగ్గిన శరత్తులో గృహస్థు నిట్టూర్చి హాయిగా నుండును; అశ్వరక్షకుడు అట్లుండరాదు. ఆశ్వయుజమాసమున తొమ్మిదవ దినమున గుఱ్ఱములకు నీరాజనము చేయింపవలెనని కౌటిల్యుడు విధించెను. యాత్రకు ఆదియందును అంతమందును, వ్యాధి కలిగినపుడును శాంతి చేయుమనెను. సేన కదలుటకు ముందు ప్రతి గుఱ్ఱమును కడిగి, అలంకరించి, వెలుతురులో నిలిపి చూచు దినమది. అట్టి దినమున దాగిన పుండు, మొద్దుబారిన గిట్ట, జ్వరపుకన్ను ఎవరి దృష్టికైనను రాకమానవు. ఈ శరత్తుననే దోమకన్న సూక్ష్మమైన ఒకజాతి కుట్టుపురుగులు తడినేలలనుండి లేచును. అవి మోయు ఆఫ్రికా అశ్వవ్యాధి 1959లో పశ్చిమాసియాలో ప్రబలి, 1960లో మనదేశమున ప్రవేశించి, 1961 వరకు ఆ దేశములన్నిటిలో కలిపి 3 లక్షలకు పైగా గుఱ్ఱములను, కంచరగాడిదలను, గాడిదలను పొట్టనబెట్టుకొనెను. సాయంకాలము నురుగుక్రక్కి మఱునాటికి చచ్చిన గుఱ్ఱములను గూర్చి మా ఆచార్యులు చెప్పునపుడు ఆయన కంఠము మాఱెడిది. జోరీగకు పగలు భయపడవలసినట్లు ఈ పురుగునకు సంజెనుండి తెల్లవారువరకు భయపడవలెను. సన్నని దోమతెర, చీకటిపడకముందే శాలలోనికి చేర్చుట, నిలువనీటిని పోనిచ్చుట దీనికి నివారణోపాయములు. నెల్లూరు ప్రాంతమున ఈశాన్యపవనములు ఆశ్వయుజ కార్తికములలోనే పెద్దవానలు కురిపించును గనుక, అచ్చటివారికి వర్షపుకష్టములు తెలంగాణమువారికి ముగిసిన తరువాత మొదలగును. ఒకే పంచాంగము ఉన్నను పని ఒకే నెలలో రాదు.

హేమంతశిశిరములు మనకు కరుణగల ఋతువులు. నీరు చల్లనిదై గుఱ్ఱము తక్కువ త్రాగినచో పేడ గట్టిపడి శూల రావచ్చును. అంతకుమించి భయము లేదు. ఈ తీరికలోనే పండ్లు చూపవలెను: గుఱ్ఱపుపండ్లు ఏటికి 2, 3 మిల్లీమీటర్లు పైకి వచ్చుచు, పైదౌడ వెడల్పుగా నుండుటచే పైపండ్ల వెలుపలి అంచులును, క్రిందిపండ్ల లోపలి అంచులును కత్తివలె పదునెక్కి బుగ్గను, నాలుకను కోయును. ధనుర్వాతమునకు, పిచ్చికుక్కకాటు వ్యాధికి, శీతజ్వరమువంటి అశ్వ ఇన్‌ఫ్లుయెంజాకు టీకాలు ఇప్పుడే వేయింపవలెను. క్రొత్తగా కొన్న గుఱ్ఱమును మూడు వారములు వేఱుగా కట్టవలెను. గ్లాండర్సుకు టీకాయును లేదు, చికిత్సయును తగదు. మనుష్యులకును సోకునది గనుక పరీక్షించి తొలగించుటకు 1899లోనే చట్టము ఏర్పడినది. వ్యాధి యున్నదని తెలిసియు దాచి అమ్మిన యజమాని సాయీసు ప్రాణమును కూడ అమ్మినవాడగును.

నేను ఈ సాయంకాలము తబేలాలను గూర్చియే ఇన్నిమార్లు చెప్పుటకు హేతువు కలదు. హైదరాబాదులోని ఒక పందెపుశాలలో వయసుమళ్లిన సాయీసును నేను ఎఱుగుదును. తెల్లవారుజామున గుఱ్ఱము చెవులను పట్టి చూచి, తొట్టిలో మిగిలిన గుగ్గిళ్లను పిడికిలితో కొలిచి, ఇది రేపు జ్వరము తెచ్చుకొనునని ఆయన చెప్పినచో, సామాన్యముగా మఱునాటి ఉష్ణమాపకము ఆయన పక్షమునే సాక్ష్యమిచ్చెడిది. ఆయనకు చదువు లేదు. ఆయన తెలిసికొన్నది ఎవరును వ్రాసిపెట్టలేదు. మన గుఱ్ఱముల లెక్క ఎంత త్వరగా తరగుచున్నదనగా, దేశమంతటను 2012 పశుగణనలో 6.25 లక్షలున్నవి 2019 నాటికి 3.4 లక్షలైనవి. జట్కాలు పోయినవి, మిగిలినవానిలో పెండ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చునవి, సముద్రతీరమున పిల్లలను ఎక్కించుకొనునవి ఎన్నియో. వానికి రాత్రి పని, తారురోడ్డు, చెవులు చిల్లులుపడు వాద్యములు, పగలు ఇరుకుసందులో నిలుకడ. వాని యజమానులు పేదలు. వైద్యుని పిలుచుట వారికి కడపటి యుపాయము. వారికి అందవలసినది ఖరీదైన మందు కాదు, మందు అక్కఱలేని పద్ధతి.

కావున ఈ ధర్మనిధి వడ్డీలో కొంతభాగముతో ఒక తబేలాపుస్తకమును తెలుగులోను, ఉర్దూలోను అచ్చువేయించి ఉచితముగా పంచవలెనని నిర్వాహకులకు నా ప్రార్థన. పుట కొక వారము చాలును. నెమ్మదిగానున్న గుఱ్ఱమునకు ఉష్ణోగ్రత 37.5 మొదలు 38.5 డిగ్రీలు, నాడి నిమిషమునకు 28 మొదలు 44, శ్వాస 8 మొదలు 16 అని పైన అచ్చువేయవలెను. క్రింద ఆ గుఱ్ఱము లెక్కలు, త్రాగిన నీరు, మిగిల్చిన మేత, పేడ రూపము, గిట్టల స్థితి వ్రాసికొనుటకు గళ్లుండవలెను. వ్రాయలేనివాడు గీత గీసిన చాలునట్లు బొమ్మలుండవలెను. ఆ పుస్తకము చైత్రముతో కాక జ్యేష్ఠముతో మొదలుకావలెను. ఎండుగడ్డి కొట్టమునకు చేరినదా, కప్పు కారుచున్నదా, శాల చుట్టును నీరు పోవుటకు కాలువ తీసితిరా, జోరీగల మందు పొడిపించితిరా యను నాలుగు ప్రశ్నలు దాని మొదటిపుటలో నుండవలెను. ముందటి వర్షములోపల అది అచ్చయినచో, హైదరాబాదు, విశాఖపట్టణములలోని పెండ్లిగుఱ్ఱములవారి గుమ్మములకు దానిని స్వయముగా కొనిపోయి చదివి వినిపించుటకు నేనును, నా శిష్యులును సిద్ధముగా నున్నాము.